వీల్‌చైర్ బడి గేటు దాకా తీసుకెళ్తుంది, ఆ తర్వాత?

పోయిన రమజాన్‌లో మన సంఘం ఆఫీసుకు వచ్చిన ఒక పెద్దాయన రసీదు తీసుకునే ముందు ఒక ప్రశ్న వేశారు. ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా ఇస్తున్న దాత ఆయన. "వీల్‌చైర్ ఇచ్చామంటే కంటికి కనిపిస్తుంది. కుట్టుమిషన్ ఇచ్చామంటే కనిపిస్తుంది. టీచర్లకు ట్రైనింగ్ అంటున్నారు. అందులో మాకు ఏం కనిపిస్తుంది భాయ్?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు మేము ఏదో జవాబు చెప్పాం గానీ అది మాకే తృప్తిగా అనిపించలేదు. రసీదు రాసే రెండు నిమిషాల్లో చెప్పగలిగే విషయం కాదది. అందుకే ఈ సావనీర్‌లో నాలుగు పేజీలు అడిగి తీసుకున్నాం.

ముందు ఒక వీల్‌చైర్ సంగతే చెబుతాం. బోరబండ వైపు ఒక బస్తీలో ఉండే చిన్నారికి రెండేళ్ల క్రితం మన సంఘం తరఫున వీల్‌చైర్ అందింది. ఆ ఫొటో సావనీర్‌లో కూడా వేశాం. నాలుగైదు నెలల తర్వాత మా కమిటీలోని ఒక సోదరి ఆ పిల్లను చూడడానికి బడికి వెళ్లారు. వీల్‌చైర్ రోజూ బడికి వస్తోంది, అల్‌హందులిల్లాహ్. కానీ ఆ పిల్ల చదివే నాలుగో తరగతి రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. అందుకని పిల్లను కింద నర్సరీ గదిలో ఒక మూల కూర్చోబెట్టారు. పై నుంచి ఎవరో ఒకరు నోటుబుక్కు తెచ్చి ఇస్తే చూసి రాసుకుంటుంది. పాఠం వినదు. ప్రశ్న అడగదు. నర్సరీ పిల్లలు రైమ్స్ పాడుతుంటే చెవులు మూసుకుని లెక్కలు చేస్తుంది. ఆర్నెల్లు అలాగే గడిచాయి.

ఆ టీచరు కఠినురాలు కాదు. మధ్యాహ్నం దగ్గర కూర్చుని అన్నం తినిపించేది. "ఇలాంటి పిల్లకు ఎలా పాఠం చెప్పాలో మాకెవరూ నేర్పలేదు మేడమ్" అని మా సోదరితో అంది. ప్రిన్సిపల్‌తో మాట్లాడితే గంటలో పరిష్కారం దొరికింది. కింద ఉన్న రెండో తరగతి పైకి వెళ్లింది, నాలుగో తరగతి కిందికి వచ్చింది. ఒక ఆదివారం బల్లలు మార్చారు. పైసా ఖర్చు కాలేదు. మరి ఆ ఆర్నెల్లు ఆ ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదు? పిల్లనే గదికి తగ్గట్టు సర్దాలి తప్ప గదిని పిల్లకు తగ్గట్టు సర్దవచ్చునని ఎవరూ ఎన్నడూ చెప్పలేదు కాబట్టి. టీచర్లకు శిక్షణ అని మేము అంటున్నది ముందుగా ఈ మాట చెప్పడం గురించే.

మన ప్రాంతం సంగతి మీకు తెలియనిది కాదు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి మాదాపూర్ చుట్టూ రాళ్లూ గుట్టలే. ఇవాళ రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలు. ఆ మేడలకు కాపలా కాసేవారు, క్యాబులు నడిపేవారు, క్యాంటీన్లలో వండేవారు, కొత్త మేడలకు పరంజీలు కట్టేవారు హఫీజ్‌పేట, బోరబండ, షేక్‌పేట, టోలీచౌకి గల్లీల్లో ఉంటారు. వారి పిల్లలు చదివేది సర్కారు బడుల్లో, లేదంటే రెండు మూడు అంతస్తుల ఇళ్లలో నడిచే తక్కువ ఫీజు ప్రైవేటు స్కూళ్లలో. ఇంట్లో దక్కనీ, గల్లీలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. టీచరు చాలాసార్లు డిగ్రీ చదివి పెళ్లికి ముందు రెండు మూడేళ్లు పనిచేసే అమ్మాయే. బి.ఇడి. ఉన్నవారు తక్కువ.

ఇంకో విడ్డూరం ఉంది. చూపు లేనివారు యాప్ వాడగలుగుతున్నారా, వినికిడి లేనివారికి వీడియో కింద అక్షరాలు వస్తున్నాయా అని పరీక్షించి సరిచేయడం అద్దాల మేడల్లో ఒక ఉద్యోగం. దాన్ని వారు 'యాక్సెసిబిలిటీ' అంటారు. మన దాతల్లోనే ఆ పని చేసే ఇంజినీర్లు ఉన్నారు. వారి ఆఫీసు కిటికీలోంచి కనిపించే బడిలో మాత్రం ఆ మాట తెలిసినవారు లేరు. నెలకు లక్షలు పలికే పరిజ్ఞానం రోడ్డు దాటి రాలేదు.

చట్టం మాత్రం ఎప్పుడో వచ్చింది. 1995 నాటి పాత చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతున్న దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, చదవడం రాయడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఇందులో చేరాయి. మన సమాజం ప్రత్యేకంగా గమనించాల్సింది మరొకటి ఉంది, థలసీమియా. దగ్గరి చుట్టాల్లో పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే కుటుంబాల్లో ఇలాంటి జబ్బులు పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. శివరాంపల్లిలోని థలసీమియా సొసైటీకి పిల్లను తీసుకెళ్లి వచ్చేసరికి ఆ రోజు బడి పోయినట్టే. మరునాడు క్లాసులో లేచి నిలబడి "నిన్న ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ఆ పిల్లకు నడక బాగానే ఉంది, చూపు బాగానే ఉంది. వైకల్యం ఉన్నట్టు ఎవరికీ కనిపించదు. చట్టానికి మాత్రం కనిపించింది.

ఆ చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థలోనూ వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకుని, మిగతా పిల్లలతో కలిపి చదివించేలా చూడాలంటుంది. 17వ సెక్షన్ టీచర్లకు శిక్షణ ఇవ్వాలని, వైకల్యం ఉన్నవారిని కూడా టీచర్లుగా నియమించాలని చెబుతుంది. 40 శాతానికి తక్కువ కాకుండా వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరించిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కును 31వ సెక్షన్ ఇస్తోంది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక అవసరాలు గల పిల్లలు ప్రైమరీలో 10 మందికి ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచరు ఉండాలని చెప్పింది. ఇవన్నీ కాగితం మీద బాగున్నాయి. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన స్పెషల్ టీచర్లు అడిగిన ప్రతి బడికీ దొరకరు. తక్కువ ఫీజు బడి వారికి జీతం ఇవ్వలేదు. సర్కారు వైపు మండలాల్లో భవిత కేంద్రాలు, సహిత విద్య రిసోర్స్ పర్సన్లు ఉన్నారు గానీ ఒక్కొక్కరి మీద ఎన్నో బళ్ల భారం. కాబట్టి రోజంతా పిల్లతో ఉండేది మామూలు టీచరే. ఆమెకు నేర్పకుండా ఏ చట్టమూ గల్లీ లోపలికి రాదు.

ఇక ఆమెకు ఏం నేర్పుతాం? పెద్ద పెద్ద పేర్ల జబితా కాదు. 21 వైకల్యాల పేర్లు బట్టీ పట్టించడం వల్ల ఉపయోగం లేదని అనుభవం మీద తెలుసుకున్నాం. నేర్పేది చిన్న చిన్న అలవాట్లు.

బోర్డు మీద రాసేటప్పుడు నోరు మూసుకుని రాయకూడదు, రాసే ప్రతి మాటా పైకి చదవాలి. "ఇది తీసి ఇక్కడ వేస్తే అది వస్తుంది" అనకూడదు. "ఎడమ వైపు మూడును కుడి వైపుకు తెస్తే మైనస్ మూడు అవుతుంది" అనాలి. చూపు లేని పిల్లకు 'ఇది', 'అది' అన్న మాటలకు అర్థమే లేదు. ఈ అలవాటు చేసుకున్న ఒక లెక్కల టీచరు తర్వాత మాకు చెప్పిందేమిటంటే, వెనక బెంచీలో కూర్చుని ఇన్నాళ్లూ దిక్కులు చూసే నలుగురు కూడా లెక్క చేస్తున్నారట. వారికి చూపు బాగానే ఉంది. ఇన్నాళ్లూ ఆమె వీపు వెనక ఏం రాస్తోందో వారికి కనబడలేదంతే.

వినికిడి తక్కువ ఉన్న పిల్లలు పెదవులు చూసి సగం మాట పోల్చుకుంటారు. కాబట్టి బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు. కిటికీకి వీపు పెట్టి నిలబడకూడదు, వెలుతురు వెనక నుంచి వస్తే ముఖం నల్లగా కనిపిస్తుంది. ఇక్కడ మన బడుల్లోనే ఎదురయ్యే ఒక ప్రశ్న ఉంది. నిఖాబ్ వేసుకునే టీచర్లు ఏం చేయాలి? మేము ఆదేశాలివ్వలేదు, వారినే అడిగాం. చిన్న పిల్లల క్లాసులో, ఆడపిల్లల క్లాసులో తలుపు దగ్గరికి వేసి నిఖాబ్ తీసి చెబుతామని చాలామంది అన్నారు. వీలుకాని చోట ముఖ్యమైన మాటలన్నీ ముందే బోర్డు మీద రాసి పెడుతున్నారు. కరోనా రోజుల్లో మాస్కులతో ఆ పిల్లలు ఎంత అవస్థ పడి ఉంటారో ఆ చర్చలోనే మా అందరికీ తట్టింది. ఆ రెండేళ్లలో ఎవరం ఆలోచించలేదు.

వినికిడి యంత్రాల గురించి ఒక్క మాట. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద, దాతల ద్వారా అందినవి చాలా ఇళ్లలో బీరువాల్లో ఉన్నాయి. చెడిపోయి కాదు. బ్యాటరీ అయిపోయింది, లేదా అచ్చు చెవికి సరిపోవడం లేదు, లేదా క్లాసులో తోటి పిల్లలు నవ్వారు. పొద్దున హాజరు తీసుకునేటప్పుడే యంత్రం ఆన్‌లో ఉందా అని చూడడం టీచరుకు ఐదు సెకన్ల పని.

చదవడం రాని పిల్ల సంగతి కొంచెం చిక్కు. డిస్లెక్సియా కావచ్చు. చూపు మందగించి ఉండొచ్చు. లేదా ఇంట్లో దక్కనీ తప్ప వేరే భాష లేక, ఇంగ్లీషు పుస్తకం ముందు నోరు పెగలక కావచ్చు. ఈ మూడింటికీ మన బడుల్లో ఒకటే పేరు పెడతారు, 'డల్ స్టూడెంట్' అని. టీచరు డాక్టరు కాదు, కాకూడదు కూడా. వైకల్యం ఉండవచ్చునేమో అని బడిలోనే తొలి పరిశీలన చేయడానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. 'ప్రశస్త్' అనే ప్రశ్నావళి తయారు చేసింది. 2022లో దాన్ని మొబైల్ యాప్‌గా కూడా ఇచ్చింది. దాన్ని నింపడం మేము నేర్పుతాం. దాంతోపాటు ఒకటికి నాలుగుసార్లు చెప్పేదేమిటంటే, అది అనుమానం చెప్పే కాగితమే, నిర్ధారణ చేసే కాగితం కాదు. ఆ పిల్లను అమ్మీ భాషలో ఒక కథ చెప్పమనండి. కథ గలగలా చెప్పిందంటే బుర్రలో లోటు లేదు, దారి వేరే వెతకాలి.

ఈ పద్ధతికి ప్రపంచంలో ఒక పేరు ఉంది, 'యూనివర్సల్ డిజైన్ ఫర్ లర్నింగ్' అని. అమెరికాలో 1984లో మొదలైన 'కాస్ట్' అనే సంస్థ దీన్ని రూపొందించింది. సారాంశం చెప్పాలంటే పాఠం ఒకే దారిలో ఇవ్వకూడదు, జవాబు ఒకే దారిలో అడగకూడదు, పిల్లకు ఆసక్తి కలిగే దారి కూడా ఒకటే అనుకోకూడదు. ఒకరు వింటారు, ఒకరు చూస్తారు, ఒకరు తాకి తెలుసుకుంటారు. ఒకరు రాసి చెబుతారు, ఒకరు నోటితో చెబుతారు.

అమెరికా పేరు వినగానే మా శిక్షణకు వచ్చిన ఒక హాఫిజ్ సాబ్ నవ్వారు. "మా మక్తబ్‌లో ముప్పై మంది పిల్లలకు ముప్పై సబఖ్‌లు ఉంటాయి" అన్నారు. నిజమే. హిఫ్జ్ తరగతిలో ఇవాళ అందరూ ఫలానా పేజీ అని ఉండదు. ఒకరికి అర పేజీ, ఒకరికి మూడు పంక్తులు. ఎవరి సబఖ్ వారిది, ఎవరి వేగం వారిది. వచ్చిందాకా ఉస్తాద్ వింటారు, తప్పు సరిచేస్తారు, రేపటి సబఖ్ ఇస్తారు. చూపు లేని పిల్లలు హాఫిజ్‌లు కావడం మనకు వింత కాదు, వందల ఏళ్లుగా జరుగుతున్నదే. ఆ ఒక్క పిల్లే పొద్దున మక్తబ్‌లో పక్కవారితో సమానంగా కూర్చుని, పది గంటలకు బడికి వెళ్తే "మా దగ్గర ఇలాంటి పిల్లలకు సౌకర్యం లేదు" అన్న మాట విని తిరిగొస్తోంది. మేము స్కూలు టీచర్లను ఒక పూట మక్తబ్‌కు తీసుకెళ్లి కూర్చోబెట్టడం ఆ హాఫిజ్ సాబ్ చెప్పిన తర్వాతే మొదలైంది. మక్తబ్‌లో అంతా బాగుందని కాదు. సరిగ్గా వినబడని పిల్లను అల్లరి పిల్ల అనుకుని వెనక కూర్చోబెట్టడం అక్కడా చూశాం.

అబస సూరా అవతరణ సందర్భం మీలో చాలామందికి తెలుసు. చూపులేని సహచరుడు అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో ఆ సూరా తొలి వాక్యాలు అవతరించాయి. ఆ తర్వాత దైవప్రవక్త (స) ఆయనను ఎంతో ఆదరించారు. బిలాల్ (రజి)తో పాటు ఆయన్నూ ముఅజ్జిన్‌గా నియమించారు. రమజాన్‌లో సహరీ ఆపవలసింది ఆయన అజాన్ విన్నాకే. తెల్లవారడం ఆయనకు కనిపించదు కదా? తెల్లవారిందని పక్కనున్నవారు చెబితే ఆయన అజాన్ ఇచ్చేవారని హదీసులో ఉంది. చూపు లేదని ఆ బాధ్యతను ఇంకొకరికి ఇవ్వలేదు. ఒక్క మాట చెప్పే మనిషి పక్కన ఉన్నారు, అంతే. మేము టీచర్లకు చెప్పే 'సౌకర్యం' అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఆ మధ్య శ్రీకాంత్ సినిమా వచ్చినప్పుడు బొల్లా శ్రీకాంత్ గారి కథ ఇంటింటికీ తెలిసింది. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టి, పుట్టుకతోనే చూపు లేక, హైదరాబాద్‌లోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివారు. పదో తరగతి మంచి మార్కులతో పాసైనా ఇంటర్‌లో సైన్సు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆయన కోర్టుకు వెళ్లి సాధించుకుని, పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్చుకుని చదివారు. తర్వాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో ఇక్కడే బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, వైకల్యం ఉన్న ఎందరికో ఉద్యోగాలిచ్చారు. అందరూ ఆయన పట్టుదల గురించే మాట్లాడతారు. మాకు ఆ కథలో ఇంకో మాట వినిపిస్తుంది. పుస్తకాన్ని వినగలిగేలా మార్చితే సైన్సు చదవడానికి చూపు లేకపోవడం అడ్డు రాలేదు. అంటే అడ్డు వచ్చింది పుస్తకమే. ప్రతి పిల్లా కోర్టుకు వెళ్లలేదు. బస్తీలో ఉండే ఆటో డ్రైవరు కూతురు అసలే వెళ్లలేదు.

పుస్తకం అంటే గుర్తొచ్చింది. మన దాతల్లో కంప్యూటర్ తెలిసినవారు ఎక్కువ కాబట్టి ఈ ముక్క కాస్త వివరంగా చెబుతాం. ఇవాళ చూపు లేని పిల్లలు ఫోనుతో, కంప్యూటరుతో చదవగలరు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో 'టాక్‌బ్యాక్' ఫోనుతోనే వస్తుంది. కంప్యూటరుకు 'ఎన్.వి.డి.ఎ.' అనేది ఉచితం. చూపులేని ఆస్ట్రేలియా యువకుడొకరు 2006లో దాన్ని మొదలుపెట్టారు. తెలుగూ చదువుతుంది. మరి చిక్కెక్కడ? మన బడుల ప్రశ్నపత్రాలు, నోట్సు డి.టి.పి. షాపుల్లో టైపవుతాయి. తెలుగుకు పాత అను ఫాంట్లు, ఉర్దూకు పాత ఇన్‌పేజ్. ఇవి యూనికోడ్ కావు. కంటికి 'అమ్మ' అని కనిపించే చోట కంప్యూటరు లోపల ఉండేది అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. స్క్రీన్ రీడర్ ఆ గుర్తుల్నే చదువుతుంది, పిల్లకు గోల తప్ప ఏమీ వినబడదు. వాట్సాప్‌లో వచ్చే హోంవర్క్ ఫొటో అయితే ఇంకా నయం, పూర్తి నిశ్శబ్దం. అదే పేజీని యూనికోడ్‌లో టైపు చేసి పంపితే మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి వినిపిస్తుంది. తేడా అంతా టైపు చేసిన పద్ధతిలోనే ఉంది. ఈ సంగతి తెలియని టీచరు 'మా అమ్మాయికి కంప్యూటర్ ఇచ్చినా లాభం లేదు' అనుకుంటుంది. కంప్యూటర్ ఇచ్చిన దాత కూడా అదే అనుకుంటాడు.

బ్రెయిలీ కూడా పోలేదు. స్పెల్లింగు, లెక్కలు వేలితో తాకితేనే బాగా పట్టుబడతాయి. 1951 నుంచి దేశ భాషలన్నిటికీ భారతి బ్రెయిలీ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. తెలుగు 'క'కూ ఉర్దూ 'కాఫ్'కూ చుక్కలు ఒకటే. ఖుర్ఆన్ బ్రెయిలీ ప్రతిని ఎడమ నుంచి కుడికి చదువుతారని మా కోశాధికారి గారికి మొన్ననే తెలిసి, పుస్తకం తలకిందులుగా ఉందేమోనని రెండుసార్లు తిప్పి చూశారు.

మా తప్పు కూడా చెప్పాలి. మొదటి ఏడాది మేము చేసింది ఒకరోజు సదస్సు. ఫంక్షన్ హాల్, బ్యానరు, ముఖ్య అతిథి, బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్లు. ఫొటోలు బాగా వచ్చాయి. మూడు నెలల తర్వాత ఆ టీచర్ల క్లాసుల్లోకి వెళ్లి కూర్చుంటే ఏమీ మారలేదు. సర్టిఫికెట్ ప్రిన్సిపల్ గదిలో ఫ్రేము కట్టి ఉంది, బోర్డు వైపు తిరిగి నోరు మూసుకుని రాయడం అలాగే ఉంది. పైగా ఆ హాల్‌కు ర్యాంపు లేదు. వైకల్యం మీద మాట్లాడడానికి వచ్చిన వక్తనే ఇద్దరు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి వేదిక మీద పెట్టారు. ఆయన ఏమీ అనలేదు. మాకు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు పద్ధతి మార్చాం. వరుసగా నాలుగు శనివారాలు, పూటకు మూడు గంటలు. ఒక బడి నుంచి ఒక్కరు కాదు, ఇద్దరు టీచర్లు, వారితో ప్రిన్సిపల్ ఒక పూటైనా రావాలి. గదులు మార్చాలన్నా పరీక్షకు అదనపు సమయం ఇవ్వాలన్నా మాట చెల్లేది ప్రిన్సిపల్‌ది కాబట్టి. వైకల్యం ఉన్నవారికి పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2013లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంగతి విన్న ప్రిన్సిపళ్లు నిజంగా ఆశ్చర్యపోతున్నారు. శనివారం నేర్చుకున్న ఒక్క అలవాటును వారమంతా క్లాసులో చేసి చూడాలి. నెల తర్వాత స్పెషల్ టీచరు ఒకరు ఆ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూస్తారు, మార్కులు వేయరు, తర్వాత టీ తాగుతూ మాట్లాడతారు. శిక్షణలో అసలు పని జరిగేది ఈ టీ దగ్గరే.

నేర్పేవారి కోసం దూరం వెళ్లనక్కర్లేదు. మన జంట నగరాల్లో ఉన్నన్ని సంస్థలు దేశంలో చాలా నగరాల్లో లేవు. బుద్ధి మాంద్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది, ఇప్పుడు 'నీపిడ్' అంటున్నారు. వినికిడి లోపం ఉన్నవారి జాతీయ సంస్థ ముంబైలో ఉన్నా దాని ప్రాంతీయ కేంద్రం ఇక్కడే. ఆ సంస్థకు పెట్టిన పేరు అలీ యావర్ జంగ్ గారిది. ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మన హైదరాబాదీ ఆయన. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తిరిగి రానివారికి బతుకు నేర్పే పునరావాస విభాగం ఉంది. ఇక 1998లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో, అద్దాల మేడల నడుమనే ఉంది. ఉర్దూ మీడియంలో బి.ఇడి. చెప్పడమే కాక ఉర్దూ మీడియం టీచర్ల వృత్తి శిక్షణకు ప్రత్యేక కేంద్రం అక్కడ ఉంది. 2014 తర్వాత వచ్చిన రెండేళ్ల బి.ఇడి.లో సహిత విద్య మీద ఒక పేపరు కూడా ఉంది. కాబట్టి కొత్తగా బి.ఇడి. చేసినవారికి మాటలు తెలుసు. అలవాటు మాత్రం క్లాసులోనే రావాలి. బి.ఇడి. లేనివారికి ఆ మాటలూ లేవు, మా శిక్షణ ముఖ్యంగా వారి కోసమే.

కొందరు దాతలు ఇంకో మాట అంటారు, నేర్చుకున్న టీచర్లు ఏడాదికే వేరే బడికి వెళ్లిపోతున్నారు కదా అని. వెళ్తున్నారు. రెండు వేలు ఎక్కువ జీతం వస్తే వెళ్లరా? ఒక బడి నుంచి ఇద్దర్ని పిలవడం అందుకే. వెళ్లినవారు కొత్త బడిలో కూడా బోర్డు వైపు తిరిగి మాట్లాడరు. మన బడి నష్టపోయింది గానీ పిల్లలు నష్టపోలేదు. చదువు మానేసి పెళ్లి చేసుకుని ఇంట్లో ఉన్నవారు కూడా తమ పిల్లల విషయంలో మాకు ఫోన్ చేసి అడుగుతున్నారు.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాం. జకాత్‌ను అర్హుల చేతికిచ్చి వారి సొంతం చేయాలన్నది హనఫీ ఫిఖ్హ్ ప్రకారం షరతు. హాల్ అద్దెకూ శిక్షకుల గౌరవ వేతనానికీ అది వర్తించదని మేము సంప్రదించిన ఉలమాలు చెప్పారు. అందుకే శిక్షణకు జకాత్ ఖాతా నుంచి ఒక్క రూపాయి కూడా తీయడం లేదు. అర్హులైన కుటుంబాలకు వీల్‌చైర్, వినికిడి యంత్రం, దాని బ్యాటరీలు, డాక్టరు దగ్గరికి వెళ్లే ఖర్చు జకాత్ నుంచి ఇస్తున్నాం. శిక్షణ అంతా సదఖా, లిల్లాహ్ ఖాతా నుంచే. మన దగ్గర జకాత్ పెట్టె రమజాన్‌లో నిండుతుంది, లిల్లాహ్ పెట్టె మాత్రం ఏడాదంతా తేలిగ్గానే ఉంటుంది. ఈ ఏడాది రెండో విడత శిక్షణ ఆగిపోవడానికి కారణం అదే. రావాలని పేర్లు ఇచ్చిన బడులు ఇంకా ఎదురుచూస్తున్నాయి.

పెద్దాయనగారి ప్రశ్నకు తిరిగి వస్తాం. ఏం కనిపిస్తుందన్నారు. శిక్షణ పొందిన ఏ బడికైనా మీరు ముందుగా చెప్పకుండా ఒక రోజు వెళ్లండి, మా కమిటీ వారు తోడు వస్తారు. వెనక బెంచీలో కూర్చుని టీచరు బోర్డు మీద రాసేటప్పుడు నోరు కదులుతోందో లేదో చూడండి. రక్తం ఎక్కించుకోవడానికి వెళ్లిన పిల్ల నోటుబుక్కులో నిన్నటి పాఠం ఎవరు రాసి పెట్టారో అడగండి. కదలకపోతే, రాసి పెట్టకపోతే, మాకు చెప్పండి. బోరబండ పిల్ల ఇప్పుడు ఆరో తరగతి. పైతరగతులు మళ్లీ పై అంతస్తులోనే ఉన్నాయి, ఆ బడి యజమానితో మాట్లాడుతున్నాం.

వచ్చే విడత, ఇన్‌షా అల్లాహ్, బడులు తెరిచిన నెల తర్వాత మొదలుపెట్టాలని ఉంది. మెట్లు లేని హాల్ ఒకటి కావాలి. శనివారాలు ఖాళీగా ఉండే కాన్ఫరెన్స్ గది ఎవరి ఆఫీసులోనైనా ఉంటే చెప్పండి. ప్రశ్నపత్రాలను యూనికోడ్‌లో తిరిగి టైపు చేసేవారు కావాలి. ఇది ఇంట్లో కూర్చుని చేసే పని, డబ్బు కంటే ఇది ఎక్కువ అవసరం. తెలుగుకు ముగ్గురు ముందుకొచ్చారు. ఉర్దూకు ఒక్కరే ఉన్నారు, వారికి అర్ధ సంవత్సరం పరీక్షల ముందు మరీ భారమవుతోంది. టైపు వచ్చినవారు సంఘం ఆఫీసులో పేరు, వీలైన వేళ రాసి వెళ్లగలరు.